అల్బేనియాలో పండుగలకు పేచీ లేదు, పేచీ అంతా జాతీయ దినాలకే

2025లో ఆగ్నేయ ఐరోపాలోని చిన్న దేశం అల్బేనియాలో ఉద్యోగులకు ఒక సెలవు చేజారిపోయింది. ప్రభుత్వం తీసేసింది కాదు, పంచాంగం తీసేసింది. అక్కడ ఈస్టర్‌కి రెండు సెలవులు ఉంటాయి. కాథలిక్కుల ఈస్టర్‌కి ఒకటి, ఆర్థడాక్స్ వాళ్ల ఈస్టర్‌కి ఒకటి. ఈ రెండు చర్చిలూ వసంతకాలపు పౌర్ణమిని వేర్వేరు క్యాలెండర్లతో లెక్కగడతాయి కాబట్టి చాలా ఏళ్లు వాటి మధ్య ఒక వారమో, నాలుగైదు వారాలో తేడా ఉంటుంది. పండుగ ఎలాగూ ఆదివారమే కనుక ఆ మర్నాడు సోమవారం సెలవిస్తారు. ఆ ఏడాది మాత్రం రెండూ ఏప్రిల్ 20నే వచ్చి పడ్డాయి. రెండు సోమవారాలు రావలసిన చోట ఒక్కటే వచ్చింది.

రాజధాని టిరానాలో నాతో కలిసి పనిచేసిన ఒకతను, ముస్లిం కుటుంబంవాడు, మసీదు మెట్లు కూడా ఎక్కని మనిషి, మా పాత ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒక ఏడుపు బొమ్మ పెట్టి రాశాడు: "పోపూ పేట్రియార్కూ రాజీపడిపోయి నా సోమవారం మింగేశారు." (పేట్రియార్కు అంటే ఆర్థడాక్స్ చర్చి పెద్ద.)

ముస్లిం పేరున్న మనిషి రెండో ఈస్టర్ పోయిందని బాధపడుతుంటే నవ్వు రాకుండా ఉండదు. కానీ నేను చెప్పదలచుకున్నదంతా ఆ బాధలోనే ఉంది.

అల్బేనియా సెలవుల జాబితా ఏమంత పెద్దది కాదు, ఏడాదికి 15 మించవు. కానీ అందులో ఎవరెవరున్నారో చూడండి. రంజాన్ ఉపవాసాలు ముగిశాక వచ్చే బైరామ్, బక్రీద్, రెండు ఈస్టర్లు, డిసెంబర్ 25న క్రిస్మస్, మార్చి 22న బెక్తాషీ సూఫీల నెవ్రూజ్. క్రిస్మస్ ఒక్కటే ఎందుకంటే, సెర్బియా చర్చి జనవరి 7న చేసుకున్నట్టు కాకుండా అల్బేనియా ఆర్థడాక్స్ చర్చి కాథలిక్కులతో పాటు డిసెంబర్ 25నే చేసుకుంటుంది. మార్చి 14న ఏ మతానికీ చెందని వేసవి పండుగ. సెప్టెంబర్ 5న మదర్ థెరిసా రోజు. నవంబర్ 28న స్వాతంత్ర్యం, 29న విముక్తి, డిసెంబర్ 8న యువజన దినం. కొత్త సంవత్సరానికి రెండు రోజులు. మే 1 సరేసరి. వీటిలో ఏ సెలవైనా అందరికీ సెలవే, "ఇది మీ వాళ్లకు, అది మా వాళ్లకు" అనే లెక్క లేదు.

మతం మనుషుల్ని విడదీస్తుంది, దేశం కలుపుతుంది. మనందరికీ బళ్లో ఎక్కించిన పాఠం ఇది. ఎవరి పండుగ వాళ్లది, ఆగస్టు 15 అందరిదీ. వ్యాసరచన పోటీల్లో నేనూ ఇదే రాసి ప్రైజులు తెచ్చుకున్నాను. బాల్కన్ దేశాల క్యాలెండర్లు చూశాక నాకు ఈ పాఠం మీద నమ్మకం సడలింది. అల్బేనియాలో బైరామ్ మీద, ఈస్టర్ మీద, నెవ్రూజ్ మీద ఎవరూ గొడవపడగా నేను చూడలేదు. నవంబర్ 29 మీద మాత్రం మంచి మనుషులు కూడా భోజనాల దగ్గర గొంతు పెంచుకుంటారు. దేశం కోసం పెట్టుకున్న పండుగే దేశాన్ని రెండు ముక్కలు చేస్తోంది.

ఇలా ఎందుకైందో తెలియాలంటే ఒకప్పుడు ఆ జాబితా ఎంత బోసిగా ఉండేదో తెలియాలి.

1967 ఫిబ్రవరి 6న అప్పటి కమ్యూనిస్టు పాలకుడు ఎన్వర్ హోజా మతానికి వ్యతిరేకంగా ఒక ప్రసంగం చేశాడు. ఆ తర్వాత కొద్ది నెలల్లో దేశంలోని మసీదులు, చర్చిలు, తెక్కెలనే బెక్తాషీ మఠాలు, మొత్తం 2,000కు పైగా మూతపడ్డాయి. కొన్నిటిని కూలగొట్టారు. కొన్ని గోదాములయ్యాయి, కొన్ని సినిమా హాళ్లయ్యాయి. ష్కోదర్ పట్నంలోని కాథలిక్ కెథీడ్రల్ ఇండోర్ ఆటల హాలు అయింది. 1976 రాజ్యాంగంలో అయితే రాజ్యం ఏ మతాన్నీ గుర్తించదని బాహాటంగా రాసేశారు. మతాన్ని అణచిన ప్రభుత్వాలు ప్రపంచంలో చాలా ఉన్నాయి, కానీ దేశం మొత్తాన్నీ నాస్తిక రాజ్యంగా ప్రకటించుకున్న మొదటి ప్రభుత్వం ఇదే. ఒక పసిబిడ్డకు బాప్తిస్మం ఇచ్చాడని ష్తెఫెన్ కుర్తీ అనే వృద్ధ ప్రీస్టును 1970ల మొదట్లో కాల్చి చంపారు.

అప్పటి సెలవులు దాదాపు అన్నీ పార్టీవే. నవంబర్ 8 పార్టీ పుట్టినరోజు, జనవరి 11 ప్రజా రిపబ్లిక్ రోజు, మే 1 కవాతులు. జనానికి మిగిలిన ఇంటి పండుగ ఒక్కటే, కొత్త సంవత్సరం. క్రిస్మస్ చెట్టు న్యూ ఇయర్ చెట్టయింది. పండుగ పూట వండే టర్కీ కోడి, బైరామ్‌కి చేసే బక్లావా, బంధువుల రాకపోకలు, పిల్లలకు బహుమతులు, అన్నీ కలిసి డిసెంబర్ 31 రాత్రిలోకి సర్దుకున్నాయి. అందుకే ఈ రోజుకీ అల్బేనియాలో అన్నిటికన్నా పెద్ద పండుగ అదే. ఇటలీలో, గ్రీసులో పనిచేసే కొడుకులూ కూతుళ్లూ ఇంటికొచ్చేది ఆ రాత్రికే. మన సంక్రాంతికి విజయవాడ హైవే నిండినట్టు వాళ్ల ఓడరేవులు నిండిపోతాయి.

మా ఇంటి ఓనరు ఆవిడది కొర్చా వైపు ఆర్థడాక్స్ కుటుంబం. ఆవిడ చిన్నతనమంతా ఆ నిషేధం కాలంలోనే గడిచింది. వాళ్లమ్మ ఈస్టర్ ముందు రాత్రి కిటికీకి దుప్పటి కట్టి, ఉల్లిపాయ పొట్టు వేసి గుడ్లు ఉడకబెట్టేదట. పొట్టు రంగు పట్టి గుడ్లు ఇటుక ఎరుపుకి తిరిగేవి. తినడం పెద్ద కష్టమేం కాదు, అసలు కష్టమంతా పెంకులతోనే. చెత్తలో ఎర్ర పెంకులు కనిపిస్తే పక్కింటివాళ్లు చెప్పెయ్యొచ్చు, బళ్లో టీచరు "ఇవాళ పొద్దున ఏం తిన్నావు?" అని అడగొచ్చు. అందుకని పెంకుల్ని నలిపి పొయ్యిలో వేసి, బూడిదయ్యేదాకా అక్కడే నిలబడేదట. "మా అమ్మ ఈస్టర్ ప్రార్థన ఎప్పుడూ చేయలేదు బాబూ, ఆ పొయ్యి ముందు నిలబడటమే ఆవిడ ప్రార్థన," అంది ఆవిడ. తర్వాత వెంటనే మాట మార్చి కరెంటు బిల్లు సంగతి అడిగింది.

ముస్లిం ఇళ్లలోనూ ఇదే కథ. రంజాన్ నెలలో ఉపవాసం ఉన్నారేమో తేల్చుకోవడానికి పిల్లలకు బళ్లో ఏదో ఒకటి తినిపించి చూసేవారని ఆ తరం వాళ్లు చెప్పుకుంటారు.

1990 నవంబర్ 4న ష్కోదర్ శ్మశానంలో డోమ్ సిమోన్ యుబాని అనే ప్రీస్టు బహిరంగంగా మాస్ చెప్పాడు. ఆయన పాతికేళ్లకు పైగా జైల్లో మగ్గి బయటికొచ్చిన మనిషి. 23 ఏళ్ల తర్వాత జరిగిన మొదటి బహిరంగ ప్రార్థన అది. ఆ జనంలో ముస్లింలూ ఉన్నారు. పన్నెండు రోజుల తర్వాత, నవంబర్ 16న, అదే ఊళ్లో సీసపు మసీదు తెరిచారు. అక్కడ నమాజు నడిపించిన హాఫిజ్ సబ్రి కోచి కూడా ఇరవై ఏళ్లు జైలు చూసినవాడే. అక్కడికి కాథలిక్కులు వచ్చారు. ష్కోదర్ వాళ్లు ఈ రెండు తేదీల గురించి ఇప్పటికీ ఒకే ఊపిరిలో చెబుతారు.

నా ఊహ ఇది. నిషేధం అందరినీ ఒకేలా దోచుకుంది. ఒక మతాన్ని ఉంచి ఇంకో మతాన్ని తొక్కి ఉంటే, తలుపులు తెరిచాక బాకీలు తీర్చుకునే పని మొదలయ్యేది. ఇక్కడ తీర్చుకోవడానికి పక్కింటివాడి దగ్గర కూడా ఏమీ మిగల్లేదు. 1992 డిసెంబర్‌లో కొత్త సెలవుల చట్టం వచ్చేటప్పటికి అన్ని మతాలవాళ్లూ ఒకే చోటి నుంచి, ఖాళీ చేతులతో మొదలుపెట్టారు. ఇందులో మెచ్చుకోవడానికి హోజా చేసిందేమీ లేదు. ఆయన పెట్టిన కష్టంలోంచి జనం తమంతట తాము తీసుకున్న మంచి ఇది.

లెక్కలు చూస్తే ఈ పెద్దమనసు ఇంకా బాగా అర్థమవుతుంది. 2023 జనాభా లెక్కల్లో దేశ జనాభా 24 లక్షలు. సున్నీ ముస్లింలమని చెప్పుకున్నవాళ్లు దాదాపు 46 శాతం. కాథలిక్కులు 8 శాతం పైచిలుకు, ఆర్థడాక్స్ 7 శాతం, బెక్తాషీలు 5 శాతం లోపు. మిగతావాళ్లలో చాలామంది ఏ మతమో చెప్పనన్నారు, లేదా ఏ శాఖా లేని ఊరికే నమ్మకం అన్నారు. అంటే నెవ్రూజ్‌ నాడు నూటికి ఐదుగురి కోసం మిగతా తొంభై ఐదుగురికీ సెలవు.

ఈ బెక్తాషీల గురించి కాస్త ఆగి చెప్పాలి. 1925లో టర్కీ దర్వేషు మఠాలన్నిటినీ రద్దు చేశాక వాళ్ల ప్రధాన పీఠం టిరానాకి తరలివచ్చింది, ఇప్పటికీ అక్కడే ఉంది. నెవ్రూజ్‌ని వాళ్లు హజ్రత్ అలీ పుట్టినరోజుగా చేసుకుంటారు. ప్రతి ఆగస్టులో టొమోర్ కొండ మీదికి వేలమంది ఎక్కుతారు, పొట్టేళ్లను కోస్తారు, రాత్రంతా అక్కడే ఉంటారు. ఆ కొండ మీద సమాధి ఎవరి పేరు మీద ఉందో తెలిసినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. అబ్బాస్ అలీ. కర్బలాలో నీళ్లు తేవడానికి వెళ్లి చేతులు పోగొట్టుకున్న అబ్బాస్. మా ఊళ్లో పీర్ల పండుగకు గుండం చుట్టూ ఊరేగించే పీర్లలో ఒకటి ఆయనదే. ఆ పీరును ఎత్తుకునేది మా ఊళ్లో తరతరాలుగా ఒక హిందూ కుటుంబమే. టొమోర్ కొండకూ క్రైస్తవులు ఎక్కుతారు. వాళ్లలో కొందరికి అది మరియమ్మ కొండ. ఎక్కేవాళ్లని ఎవరూ మతం అడగరు.

మార్చి 14 వేసవి పండుగకైతే దేవుడే లేడు. పాత క్యాలెండర్ ప్రకారం మార్చి 1 అది, చలి పోయి ఎండ వచ్చే రోజు. మొదట్లో ఎల్బసాన్ ఊరి పండుగ, 2004లో దేశమంతటికీ సెలవయింది. ఆ రోజు బలోకుమె అనే బిస్కెట్టు చేస్తారు. ఎల్బసాన్‌లో మా ఆఫీసు అమ్మాయి వాళ్లింట్లో నేను దగ్గరుండి చూశాను. రాగి గిన్నెలో వెన్న, చక్కెర వేసి చెక్క గరిటెతో ఒకే వైపు తిప్పుతూ తిప్పుతూ ఉంటారు. గుడ్డు సొనలు ఒక్కొక్కటే వేస్తారు. తర్వాత మొక్కజొన్న పిండి. చివర్లో, నేను అసలు ఊహించనిది, బూడిద నీళ్లు. కట్టెల బూడిదను నీళ్లలో కలిపి తేరనిచ్చి, పైన తేలిన తేట నీళ్లను వంచుకుంటారు. అది పడితేనే బిస్కెట్టు పైన పగుళ్లిచ్చి లోపల మెత్తగా వస్తుందట. వాళ్ల నాయనమ్మ నా చేతికి గరిటె ఇచ్చి, నేను వైపు మార్చి తిప్పేసరికి లాగేసుకుంది. చేసేది మాత్రం ఎవరో ఒకరు కాదు. అటు ముస్లిం ఇళ్లలో, ఇటు ఆర్థడాక్స్ ఇళ్లలో అదే రాగి గిన్నె.

ఇక జాతీయ దినాల సంగతి.

నవంబర్ 28తో ఎవరికీ తగువు లేదు. 1443లో ఆ రోజున వాళ్ల జాతీయ వీరుడు స్కెందర్‌బే క్రూయా కోట మీద జెండా ఎగరేశాడని చెబుతారు. 1912లో అదే తేదీన ఇస్మాయిల్ చెమాలి వ్లోరాలో ఒట్టోమన్ల నుంచి స్వాతంత్ర్యం ప్రకటించాడు. కొసోవోలోని అల్బేనియన్లూ ఆ రోజు జెండాలు కడతారు. చిక్కంతా మర్నాటిది. నవంబర్ 29, 1944లో జర్మన్ సైన్యం వెళ్లిపోయిన రోజు. కమ్యూనిస్టులు నాలుగు దశాబ్దాలకు పైగా దేశంలోకెల్లా పెద్ద పండుగగా చేసింది దీన్నే. వాళ్ల వ్యతిరేకులు అనేదేమిటంటే, ష్కోదర్ నుంచి జర్మన్లు నిజంగా వెళ్లింది 28నే, యుగోస్లావియాకి నవంబర్ 29 పండుగ కాబట్టి అక్కడి నేత టిటోను మెప్పించడానికి హోజా తేదీని ఒక రోజు తర్వాతికి మార్చాడని. కమ్యూనిస్టు పాలన పోయాక డెమోక్రటిక్ పార్టీ ప్రభుత్వం విముక్తి వేడుకను 28కి జరిపింది. తర్వాత సోషలిస్టులు వచ్చి మళ్లీ 29కి తెచ్చారు. అమరుల సమాధుల దగ్గర ఎవరు ఏ రోజు పూలు పెడతారో చూసి వాళ్లది ఏ పార్టీయో చెప్పేయొచ్చు.

ఇరవై నాలుగు గంటల తేడాకు ఇంత రాద్ధాంతమా అని మొదట్లో నాకు విసుగొచ్చేది. వినగా వినగా తెలిసింది, తగువు తేదీ గురించి కాదని. మా ఆఫీసులో ఒకావిడ తాత పార్టిజన్, అంటే కమ్యూనిస్టు గెరిల్లా, కొండల్లో పోరాడాడు. ఆవిడకు 29 అంటే తాత. పక్క టేబుల్ అతని తాతను అదే పార్టిజన్లు అధికారంలోకి వచ్చాక జైల్లో వేశారు, కుటుంబాన్ని ఊరి నుంచి వెళ్లగొట్టారు. అతనికి 29 అంటే తాత పోయిన రోజుల మొదలు. ఇద్దరూ బైరామ్‌కి ఒకే బక్లావా డబ్బాలోంచి తీసుకుని తింటారు. నవంబర్ 29 సాయంత్రం మాత్రం ఒకరి ఫేస్‌బుక్ ఒకరు చూడరు. సెలవు మాత్రం ఇద్దరూ వాడుకుంటారు, అది వేరే విషయం.

డిసెంబర్ 8ది మరో రకం తంటా. 1990లో ఆ రోజున టిరానా విద్యార్థులు హాస్టళ్ల నుంచి బయటికొచ్చి నిరసన మొదలుపెట్టారు. కొద్ది రోజుల్లోనే రెండో పార్టీ పెట్టుకోవడానికి అనుమతి వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 20న నగరం నడిబొడ్డున హోజా విగ్రహం కూలింది. అప్పటి అధ్యక్షుడు రమీజ్ ఆలియా విద్యార్థులతో మాట్లాడమని పంపిన డాక్టరు సాలి బెరిషా తర్వాత దేశాధ్యక్షుడయ్యాడు. ఆ ఉద్యమం ఎవరిది, దాన్ని ఎవరు ఎగరేసుకుపోయారు అనే వాదన అప్పటి నుంచి ఇప్పటిదాకా తెగలేదు.

సెప్టెంబర్ 5 మనకు టీచర్స్ డే, సర్వేపల్లి వారి పుట్టినరోజు. అక్కడ కలకత్తా మదర్ థెరిసా రోజు, 1997లో ఆమె కన్నుమూసిన తేదీ. ముందు ఆమె రోజు అక్టోబర్ 19న ఉండేది, 2003లో వాటికన్ ఆమెను ధన్యురాలిగా ప్రకటించిన తేదీ అది. 2016లో సెయింట్ చేశాక సెప్టెంబర్‌కి మార్చారు. ముస్లింలు ఎక్కువమంది ఉన్న దేశం ఒక కాథలిక్ సన్యాసినికి సెలవు, విమానాశ్రయం, నగర కూడలి అన్నీ ఇచ్చింది. దీనికి మతపరంగా ఎవరూ అడ్డు చెప్పలేదు. కానీ ఆమెను దేశానికి చెందిన మనిషిగా చేయబోయేసరికి చిక్కులు మొదలు. ఆమె పుట్టింది స్కోప్యెలో, అంటే నేటి ఉత్తర మాసిడోనియా రాజధానిలో. వాళ్లూ మా ఆమె అంటారు. తల్లి, అక్క టిరానాలో ఉంటే చూడటానికి హోజా ప్రభుత్వం ఆమెను రానివ్వలేదు. తల్లి 1972లో, అక్క 1973లో పోయారు. ఆమె అక్కడికి వెళ్లగలిగింది 1989లో, సమాధుల మీద పూలు పెట్టడానికి. బతికున్న కూతురికి తలుపు తెరవని దేశం 2009లో ఆమె భౌతికకాయాన్ని పంపించమని మన ప్రభుత్వాన్ని అడిగింది. ఆమె భారత పౌరురాలు, సొంత నేలలోనే ఉంది అని మన విదేశాంగ శాఖ మర్యాదగానే తోసిపుచ్చింది. మూడు దేశాలు ఒక సన్యాసిని కోసం లాక్కున్నాయి. చర్చి అయితే ఆమెను ఎవరైనా ప్రార్థించుకోమంది.

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ బోస్నియా. దాన్ని దాచి ముందుకెళ్లడం న్యాయం కాదు.

బోస్నియా-హెర్జెగోవినాలో దేశమంతటికీ వర్తించే సెలవుల చట్టమే లేదు. యుద్ధాన్ని ముగించిన 1995 డేటన్ ఒప్పందం ఆ దేశాన్ని రెండు భాగాలుగా నడిపిస్తోంది. ముస్లింలైన బోస్నియాక్‌లు, కాథలిక్కులైన క్రొయేట్లు ఎక్కువగా ఉన్న ఫెడరేషన్, ఆర్థడాక్స్ సెర్బులు ఎక్కువగా ఉన్న రిపబ్లికా సర్ప్‌స్కా. రెండు చోట్లా ఏ పేచీ లేకుండా కుదిరిన సెలవులు జనవరి 1, మే 1. మార్చి 1 స్వాతంత్ర్య దినం ఫెడరేషన్‌లోనే. యుగోస్లావియా నుంచి విడిపోవడం మీద 1992లో పెట్టిన రెఫరెండాన్ని సెర్బులు చాలామంది బహిష్కరించారు, వాళ్లకది పండుగెలా అవుతుంది? జనవరి 9 రిపబ్లికా సర్ప్‌స్కా దినం. మిగతావాళ్లకది 1992లో తమ ఊళ్ల నుంచి తమను తరిమేయడానికి మొదటి అడుగు పడిన రోజు. ఆ యుద్ధంలో దాదాపు లక్షమంది చనిపోయారు. జనవరి 9 ఆర్థడాక్స్ వాళ్లకు సెయింట్ స్టీఫెన్ పండుగ కూడా. ఈ సెలవు ఇతర ప్రజలపై వివక్ష అని 2015లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేసింది. 2016 సెప్టెంబర్ 25న రిపబ్లికా సర్ప్‌స్కా నాయకత్వం రెఫరెండం పెట్టి 99 శాతానికి పైగా ఓట్లతో దాన్ని నిలబెట్టుకుంది. ఆ తర్వాతా వాళ్ల ప్రధాన నగరం బాన్యా లూకాలో ఆ రోజు కవాతులు జరిగాయి.

చూశారా, మతం వచ్చింది కదా, అంటారు. వచ్చింది. కానీ ఎలా వచ్చిందో చూడండి. సెయింట్ స్టీఫెన్ పండుగను ఇళ్లలో, చర్చిలో చేసుకుంటే దేశ రాజధాని సరయేవోలో ఒక్కడు కూడా కోర్టుకెక్కడు. ఆ పండుగ మీద రాజ్యం తన జెండా పాతింది, పోలీసుల్ని కవాతు చేయించింది, గొడవ అక్కడ మొదలైంది. పండుగ తనంతట తాను "రండి, తినండి" అంటుంది. జాతీయ దినం "ఈ రోజు మనం గెలిచాం" అంటుంది. గెలిచాం అన్న మాటలో ఓడిపోయినవాడు ఎప్పుడూ ఉంటాడు, చాలాసార్లు వాడు పక్క వీధిలోనే ఉంటాడు.

తెలుగువాళ్లకు ఇది కొత్తగా చెప్పాలా? సెప్టెంబర్ 17 వస్తే చాలు. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత సైన్యానికి లొంగిపోయిన ఆ రోజును ఒకరు విమోచనం అంటారు, ఒకరు విలీనం అంటారు, ఒక ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, తర్వాతి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం చేసింది. సాయుధ పోరాట వారసులకు ఇంకో పేరు. ఆంధ్రప్రదేశ్‌కి అవతరణ దినం నవంబర్ 1నా, ఇంకోటా అన్నది కూడా ప్రభుత్వాన్ని బట్టి మారింది. బోనాలకు సెలవిచ్చారని, క్రిస్మస్‌కి సెలవిచ్చారని ఇంత లొల్లి ఎప్పుడైనా అయిందా?

అల్బేనియాను మరీ నెత్తిన పెట్టుకోవద్దు కూడా. ఆ సామరస్యం ఇప్పుడు ఒక బ్రాండయిపోయింది. 2015 జనవరిలో ఉగ్రవాద దాడులకు నిరసనగా జరిగిన పారిస్ ర్యాలీకి ప్రధాని ఎడి రామా నాలుగు మతాల పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్లాడు. ప్రతి పండుగకూ నాయకులు మసీదుకీ చర్చికీ తెక్కెకీ వెళ్లి ఫొటోలు దిగుతారు. 2024 సెప్టెంబర్‌లో రామా బెక్తాషీలకు టిరానాలోనే వాటికన్‌ లాంటి ఒక చిన్న స్వతంత్ర రాజ్యం ఇస్తానని ప్రకటించాడు. చక్కగా సాగుతున్న పండుగ మీద మళ్లీ జెండా పాతడమే అది అని నా భయం. అందరి పండుగా అంటున్న జాబితాలో ఇవాంజెలికల్ క్రైస్తవుల పండుగంటూ వేరే లేదు, యూదులదీ లేదు. ముస్లింలు రాజధాని నడిబొడ్డున ఒక పెద్ద మసీదు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూశారు. ఆర్థడాక్స్, కాథలిక్ కెథీడ్రళ్లు ఎప్పుడో లేచి నిలబడ్డాయి. నమాజ్‌గాహ్ మసీదు తెరిచింది 2024 అక్టోబర్‌లో, అదీ టర్కీ డబ్బుతో. అప్పటిదాకా బైరామ్ నమాజు నడివీధిలోనే.

పైగా సెలవు కాగితం మీద ఉన్నంత మాత్రాన చేతికి రాదు. టిరానాలో కాల్ సెంటర్లు చాలా ఉన్నాయి, ఎక్కువ భాగం ఇటలీ కంపెనీల కోసం పనిచేస్తాయి. అక్కడి పిల్లలు బైరామ్ రోజు హెడ్‌సెట్ పెట్టుకుని మిలాన్‌లో ఎవరి కరెంటు బిల్లు గురించో మాట్లాడుతుంటారు. ఇటలీలో సెలవైతే వీళ్లకు సెలవు. దీపావళి రాత్రి అమెరికా క్లయింటుతో కాల్‌లో కూర్చున్న హైదరాబాద్ వాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఇన్ని లొసుగులున్నా నేను అల్బేనియా పద్ధతి వైపే ఉంటాను. పక్కనే ఉన్న ఉత్తర మాసిడోనియాను చూస్తే ఎందుకో తెలుస్తుంది. అక్కడి చట్టం చూడటానికి ఇంకా ఉదారంగా ఉంటుంది. అందరికీ ఇచ్చే సెలవులు కాక, ఎవరి సముదాయానికి వాళ్లకు విడివిడిగా సెలవులున్నాయి. రంజాన్ బైరామ్ అందరికీ. బక్రీద్ మాత్రం ముస్లింలకే. కాథలిక్కులకు డిసెంబర్ 25, యూదులకు యోమ్ కిప్పుర్, సెర్బులకు జనవరి 27, రోమా వాళ్లకు ఏప్రిల్ 8, వ్లాహులకు మే 23, టర్కులకు డిసెంబర్ 21. అల్బేనియన్లకు నవంబర్ 22, 1908లో బితోలాలో వాళ్ల లిపి ఖాయమైన రోజు. ఎవర్నీ మర్చిపోలేదు. మంచిదే కదా అనిపిస్తుంది. కానీ బక్రీద్ నాడు ముస్లిం ఇంట్లో ఉంటే అతని ఆర్థడాక్స్ స్నేహితుడు ఆఫీసులో ఉంటాడు. భోజనానికి పిలుద్దామన్నా రాలేడు. ఎవరికి ఏ రోజు సెలవో తేల్చాలంటే ముందు ఎవరు ఎవరో తేల్చాలి. ఉద్యోగి ఏడాదికోసారి తన కులగోత్రాలు చెప్పుకున్నట్టే అది. టిరానాలో ఆ ప్రశ్నే పుట్టదు.

మన ఐచ్ఛిక సెలవుల జాబితా కూడా ఈ మాసిడోనియా బాపతే. ఎవరి పండుగకు వాళ్లు టిక్కు పెట్టుకోవడం. హైదరాబాద్ తిరిగొచ్చాక మా ఆఫీసులో ఆ ఫారం చేతికొచ్చినప్పుడు నేను హజ్రత్ అలీ జన్మదినానికి టిక్కు పెట్టాను. హెచ్ఆర్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సర్, మీరు పొరపాటున పెట్టారేమో. మీరు హిందూ కదా?" అంది.

"అవునమ్మా. రూలేమైనా ఉందా?"

కాసేపు కీబోర్డు చప్పుడు వినిపించింది. "రూలేం లేదు సర్. ఇంతవరకు ఎవరూ పెట్టలేదు, అంతే," అని మంజూరు చేసింది. ఆ రోజు ఏ గొప్ప పనీ చేయలేదు. మధ్యాహ్నం దాకా పడుకుని, సాయంత్రం కింది ఫ్లాట్ ఖాన్ సాబ్ ఇంట్లో చాయ్ తాగాను. ఆయన సున్నీ. ఆ రోజు అలీ పుట్టినరోజని నేను చెప్పేదాకా ఆయనకూ గుర్తులేదు.